చూపు పోయాక సంఘం పెట్టాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టను?

మసకవెలుతురు

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఈ వేదికను వింటున్నానే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ ఒకటి అడగాలి.

నాకు గ్లకోమా. ముందు పక్కచూపు పోయింది. తలుపు అంచు భుజానికి కొట్టుకోవడం, మెట్టు తప్పడం, పక్కనుంచి వచ్చే మనిషిని గుద్దుకోవడం, అన్నీ పరధ్యానమే అనుకున్నాను. చాలామందికి ఈ జబ్బులో నొప్పి ఉండదు, ఎదురుగా ఉన్నది చాలాకాలం బాగానే కనబడుతుంది. సంగతి తెలిసేసరికి కంటి నరం బాగా దెబ్బతింది. అలా పోయిన చూపు తిరిగి రాదు. నాలుగేళ్ల పాటు చుక్కల మందులు, రెండు ఆపరేషన్లు. ఇప్పుడు కిటికీ ఏ వైపుందో తెలుస్తుంది, అంతే. ఇలా అయి రెండేళ్లు.

చివరిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు "ఇక మేం చేయగలిగిందేమీ లేదు" అన్నారు. నిజమే చెప్పారు, అందుకు నాకు కోపం లేదు. కానీ ఆ మాట తర్వాత ఇంకో మాట లేదు. కర్రతో నడవడం ఎవరు నేర్పుతారో, ఉద్యోగం ఎలా నిలబెట్టుకోవాలో, నాలాంటివాళ్లు ఎక్కడున్నారో, ఏదీ లేదు. ఎనిమిది నెలలు ఇంట్లోనే కూర్చున్నాను. ఫోను తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ గురించి ఒకరు మాటవరసకు చెబితే తెలిసింది. అది నా ఫోనులో మొదటినుంచీ ఉంది. ఎనిమిది నెలలూ నా జేబులోనే ఉంది.

అప్పుడు పుట్టింది ఈ ఆలోచన. ఒక సంఘం పెట్టాలి. చూపు లేనివాళ్లకే కాదు, అన్ని రకాల వైకల్యం ఉన్నవాళ్లకూ. శిక్షణ, ఉద్యోగాలు, ధ్రువపత్రాలు, న్యాయసలహా, పిల్లల చదువు... కాగితం మీద పెద్ద పట్టిక తయారైంది. మూడు సందేహాలు. నేను తొందరపడుతున్నానా? అంధులకే పరిమితం చేయాలా, అందరికీ పెట్టాలా? ముందు నమోదు చేయించాలా?

తెల్లకర్ర

మసకవెలుతురు గారూ, రాయడం మంచిపని అయింది. పదకొండేళ్లుగా ఒక సంఘంలో ఉన్నాను, అందులో ఆరేళ్లు కార్యదర్శిగా. నాకు పుట్టినప్పటినుంచీ చూపు లేదు, కాబట్టి మీ అనుభవం నాదని చెప్పను.

ముందుగా మూడో సందేహానికి జవాబు. నమోదు పత్రం ఆర్నెల్లు ఆగుతుంది, మనుషులు ఆగరు. నెలకో రోజు పెట్టుకోండి, ఒకే చోటు, ఒకే వేళ. ఇద్దరు వచ్చినా జరపండి. "ఈసారి జనం లేరు, వచ్చే నెల చూద్దాం" అని ఒక్కసారి అన్నారంటే, ఎంతో కష్టపడి వచ్చిన ఆ ఇద్దరూ మళ్లీ రారు. మనకు ఇల్లు దాటి ఒకచోటికి చేరడమే పెద్ద పని కదా.

ఇంకోటి, కాస్త కటువుగా ఉంటుంది. ఆ సమావేశానికి మీరు ఒంటరిగా వెళ్లగలరా? పొడవాటి కర్రతో నడిచే పద్ధతికి 1940లలో రిచర్డ్ హూవర్ అమెరికా సైనిక ఆసుపత్రిలో రూపం ఇచ్చాడు, యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం. ఎడమ అడుగు వేస్తుంటే కర్ర కుడివైపు, కుడి అడుగు వేస్తుంటే ఎడమవైపు. అంటే తర్వాతి అడుగు పడే చోటును కర్ర ముందే తడుముతుంది. వినడానికి సులువే, ఒంటికి పట్టాలంటే నెలలు కావాలి. ముందు అది నేర్చుకోండి. సంఘం పెట్టినాయన్నే ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొస్తే, కొత్తగా చూపు పోయి అక్కడికొచ్చిన మనిషి అదే నేర్చుకుంటాడు.

నాలుగుచక్రాలు

చివరి మాట దగ్గర తెల్లకర్ర గారితో నేను ఏకీభవించను. ఇరవై ఏళ్లుగా వీల్‌చైర్‌లో ఉన్నాను. నన్ను కుర్చీలోంచి మంచం మీదికి మార్చడానికి రోజూ ఒక మనిషి కావాలి. అంటే నేను సంఘం పెట్టడానికి పనికిరానా?

ఎడ్ రాబర్ట్స్ సంగతి గుర్తుచేస్తాను. పోలియోతో మెడ కిందినుంచి చలనం పోయింది, రాత్రిళ్లు ఊపిరికి ఐరన్ లంగ్ యంత్రం. అమెరికాలోని బర్క్‌లీలో 1972లో సాటివాళ్లతో కలిసి స్వతంత్ర జీవన కేంద్రాన్ని నిలబెట్టింది ఆయనే. వాళ్ల దృష్టిలో స్వతంత్రమంటే అన్ని పనులూ సొంతంగా చేసుకోవడం కాదు. ఎప్పుడు లేవాలి, ఎక్కడికి వెళ్లాలి, ఎవరి సాయం తీసుకోవాలి అన్నది నేను నిర్ణయించుకోవడం. చొక్కా ఇంకొకరు తొడగొచ్చు, ఏ చొక్కా అన్నది నా ఇష్టం.

తెల్లకర్ర

నాలుగుచక్రాలు గారూ, మీరన్నది సరైనది. నా మాట సరిదిద్దుకుంటాను. సాయం తీసుకోవడాన్ని తప్పుపట్టాలన్నది నా ఉద్దేశం కాదు. నేర్చుకోగలిగినదాన్ని దుఃఖంలో పడి వాయిదా వేయడం చాలామందిలో చూశాను, అది మనసులో ఉండి అలా రాశాను.

రెండోప్రయత్నం

తొందరపడుతున్నానా అని అడిగారు. నేను తొందరపడ్డాను, అందుకే రాస్తున్నాను.

ప్రమాదంలో చూపు పోయిన ఆర్నెల్లకే సంఘం పెట్టాను. పత్రిక వాళ్లు వచ్చారు, సన్మానాలు జరిగాయి. ప్రతి సమావేశంలో నా కథే చెప్పేవాణ్ణి. వచ్చినవాళ్లు ఏడ్చేవాళ్లు, నాకు ఓదార్పుగా ఉండేది. వాళ్లకేం కావాలో అడిగిన గుర్తు లేదు. నా దుఃఖానికి ఒక గది కావాలి, దానికి సంఘమని పేరు పెట్టుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

రెండేళ్లయ్యాక నాకు జబ్బు చేసి మూడు నెలలు మంచాన పడ్డాను. బ్యాంకు ఖాతా నా పేరు మీద, సభ్యుల ఫోను నంబర్లు నా ఫోనులో, మాట్లాడుకున్నవన్నీ నా తలకాయలో. నేను లేచేసరికి సంఘం లేదు. ఎవరూ దాన్ని చంపలేదు, నేను లేకపోతే అందులో ఏమీ లేదు, అంతే.

ఇప్పుడు వేరేవాళ్లు పెట్టిన సంఘంలో మామూలు సభ్యుడిగా ఉన్నాను. కుర్చీలు సర్దుతాను, కొత్తవాళ్లకు ఫోన్లు చేస్తాను. మీకు వీలైతే ముందు ఏడాది పాటు ఎక్కడైనా సభ్యుడిగా ఉండి చూడండి.

పాతపుటలు

నాకు కొంచెం చూపు ఉంది, పెద్ద అక్షరాలు చేసుకుని చదువుతాను. చూపు పోయాక సంఘం ఎలా పెట్టాలన్న ప్రశ్నకు చరిత్రలో ఇద్దరు మనుషులు రెండు రకాల జవాబులు ఇచ్చారు.

థామస్ రోడ్స్ ఆర్మిటేజ్ లండన్‌లో వైద్యుడు. చూపు తగ్గిపోతూ ఉంటే వైద్యం మానేశాడు. ఆ రోజుల్లో అంధుల పుస్తకాల కోసం ఉబ్బెత్తు అక్షరాల పద్ధతులు అరడజను పైగా ఉండేవి, ఒక పద్ధతి నేర్చినవాడు ఇంకో పద్ధతిలో ఉన్న పుస్తకం చదవలేడు. వాటిలో చాలావాటిని ప్రచారం చేసింది చూపున్నవాళ్లే. వాళ్ల కళ్లకు అందంగా కనబడిన అక్షరం వేలికి అందేది కాదు. ఆర్మిటేజ్ 1868లో కొద్దిమంది అంధులతో ఒక సంఘం పెట్టి, ఏ పద్ధతి మేలో తేల్చడానికి కూర్చున్నాడు. నిర్ణయించే వాళ్లకు పెట్టిన నియమాలు చూడండి: వేలితో చదివే మనిషై ఉండాలి, కనీసం మూడు పద్ధతులు తెలిసి ఉండాలి, ఏ పద్ధతి వల్లా సొంతానికి డబ్బు రాకూడదు. అలా తేల్చి బ్రెయిలీని ఎంచుకున్నారు. ఆ చిన్న గుంపే పెరిగి, ఈనాడు బ్రిటన్‌లో అంధుల కోసం పనిచేసే పెద్ద సంస్థ ఆర్‌ఎన్‌ఐబీ అయింది.

రెండోవాడు ఆర్థర్ పియర్సన్. పత్రికాధిపతి, ఆయనకూ గ్లకోమాతోనే చూపు పోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1915లో లండన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ అనే శిక్షణ సంస్థ పెట్టాడు. బ్రెయిలీ, టైపు, కోళ్ల పెంపకం, మర్దన, బుట్టలల్లడం, ఎన్నో నేర్పించాడు. వేలమంది బతుకులు నిలబడ్డాయి. కానీ అది ఆయన డబ్బు, ఆయన పలుకుబడి, ఆయన పట్టుదల మీద లేచిన సంస్థ. అందరికీ పియర్సన్ పలుకుబడి ఉండదు. ఆర్మిటేజ్ పెట్టిన ఆ మూడు నియమాలను మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా. 1980లో కెనడాలోని విన్నిపెగ్‌లో పునరావాస నిపుణుల అంతర్జాతీయ మహాసభ జరిగింది. ప్రతినిధుల్లో సగం మంది వికలాంగులే ఉండాలన్న ప్రతిపాదనను సభ తోసిపుచ్చింది. అక్కడున్న వికలాంగులు విడిగా కూర్చుని తమ సొంత సంస్థకు పునాది వేసుకున్నారు. మరుసటి ఏడు సింగపూర్‌లో దాని మొదటి మహాసభ జరిగింది, డిసేబుల్డ్ పీపుల్స్ ఇంటర్నేషనల్ అంటే అదే. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం కూడా చట్టాలు చేసేటప్పుడు వికలాంగుల ప్రతినిధి సంస్థలను సంప్రదించాలంటుంది. 2018లో ఆ ఒప్పందపు కమిటీ ఇంకాస్త వివరంగా చెప్పింది: వికలాంగులు నడిపేది, సభ్యుల్లో స్పష్టమైన మెజారిటీ వికలాంగులే అయినదే వికలాంగుల సంస్థ. మన కోసం ఎవరో నడిపే సంస్థ వేరు.

చేతిమాట

నేను చెవిటిదాన్ని. నా మొదటి భాష సైగల భాష. "అందరికీ" అన్న మాట దగ్గర మిమ్మల్ని కాసేపు ఆపాలి.

అన్ని వైకల్యాలవాళ్లూ ఉన్నారన్న ఒక సంఘంలో రెండేళ్లు ఉన్నాను. అధ్యక్షుడికి చూపు లేదు. మంచి మనిషి, అందులో అనుమానం లేదు. "ఎవరైనా మాట్లాడాలనుకుంటే చెప్పండి" అనేవాడు. నేను చెయ్యి ఎత్తేదాన్ని. ఆయనకు కనబడదు. అనువాదకురాలు కొన్నిసార్లు వచ్చేది, కొన్నిసార్లు డబ్బు లేదని పిలిచేవాళ్లు కాదు. రెండేళ్లలో నా మాట రెండుసార్లు నమోదైంది. గది నిండా వైకల్యం ఉన్నవాళ్లే, అయినా నేను ఒంటరిగా ఉన్నాను.

అందరికీ పెట్టండి, పెట్టొద్దని అనను. పెట్టేముందు ఇవి సర్దుకోండి. ఎవరు మాట్లాడినా ముందు పేరు చెప్పాలి. మీకు గొంతు ఎవరిదో తెలుస్తుంది, అనువాదకురాలు నాకు ఎవరిని చూడాలో చూపిస్తుంది, ఒక్క నియమంతో ఇద్దరికీ దారి దొరుకుతుంది. ఒకరి తర్వాత ఒకరే మాట్లాడాలి. మాట్లాడేవాళ్ల మొహం మీద, అనువాదకురాలి చేతుల మీద వెలుతురు పడాలి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మాకు నల్లని నీడ తప్ప ఏమీ కనబడదు. ఓటింగుకు చేతులెత్తమనకండి. ఒక్కొక్కరి పేరు పిలిచి జవాబు తీసుకోండి, లెక్క పైకి చదవండి, రాసి కూడా చూపించండి. అనువాదకురాలికి ఇచ్చే డబ్బు ఖర్చుల పట్టికలో అద్దె కంటే పైన ఉండాలి. "మిగిలితే చూద్దాం" అన్నచోట అది ఎప్పుడూ మిగలదు.

నాలుగుచక్రాలు

చేతిమాట గారి పట్టికకు నా వంతు. చోటు చూడ్డానికి వెళ్లినప్పుడు "ర్యాంపు ఉంది" అన్న మాట నమ్మకండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు, దానికంటే నిటారుగా ఉంటే అది నా పాలిట జారుడుబల్ల. మరుగుదొడ్డి తలుపు కొలవండి. కుర్చీ లోపలికి వెళ్లడం ఒక్కటే చాలదు, లోపల తిరగాలి, తలుపు మూసుకోవాలి. నేను సభలకు వెళ్లే రోజున పొద్దుటినుంచి నీళ్లు తాగకుండా ఉన్న సందర్భాలు లెక్కలేనన్ని.

బిడ్డతల్లి

నా కొడుక్కి ఇరవై రెండేళ్లు. మేధోపరమైన వైకల్యం. సంఘాల్లో వాడి తరఫున ఎప్పుడూ నేనే మాట్లాడేదాన్ని, అదే నా బాధ్యత అనుకున్నాను.

ఒక సమావేశంలో సభ నడుపుతున్నావిడ నన్ను ఆపి, "మీ అబ్బాయిని అడుగుదాం" అంది. చిన్న మాటల్లో అడిగింది. వాడు జవాబు చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు, నేనే రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. "నాకు పొద్దున పని కావాలి, మధ్యాహ్నం వద్దు" అన్నాడు. ఇన్నేళ్లుగా నేను వాడి కోసం మధ్యాహ్నం పనులే వెతుకుతున్నాను.

అందరినీ కలుపుకోవాలంటే ఆగడం కూడా రావాలి. కాగితాలు తేలిక మాటల్లో రాయాలి. తల్లిదండ్రులకు చోటు ఇవ్వండి, కానీ బిడ్డ ఓటు మాకు ఇవ్వకండి.

లెక్కలచూపు

నాకు ఏ వైకల్యమూ లేదు, ఒక అంధుల సంఘానికి లెక్కలు రాస్తాను. అందరూ చెప్పాక నేను చెప్పదగినది డబ్బు గురించే.

బిల్లును ఫొటో తీసి పంపితే స్క్రీన్ రీడర్‌కు అది ఉత్త బొమ్మ, చాలాసార్లు ఒక్క అంకె కూడా పలకదు. మా సంఘంలో మొదటి మూడేళ్లు అలాగే నడిచింది. అధ్యక్షుడు నా మాట నమ్మి సంతకం పెట్టేవాడు. నేను తప్పు చేయలేదు, కానీ చేసినా తెలిసేది కాదు. ఒకరోజు ఆయనే అన్నాడు, "నీ మీద అనుమానం లేదు, కానీ నా సంతకం మీద నాకు నమ్మకం ఉండాలి." అప్పటినుంచి ప్రతి ఖర్చూ మామూలు అక్షరాల్లో పట్టికలోకి ఎక్కిస్తున్నాం. ఆయన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో ఒక్కో గడీ వింటాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం, 2006లో దాన్ని మొదలుపెట్టిన మైకేల్ కరన్ కూడా అంధుడే, ఖరీదైన స్క్రీన్ రీడర్లు కొనలేని వాళ్ల కోసం రాశాడు. మొదటి ఏడాదిలోనే మా అధ్యక్షుడు నా కూడికలో రెండు తప్పులు పట్టాడు.

ఇద్దరి సంతకం లేనిదే డబ్బు కదలకూడదు. ప్రతి సమావేశంలో మిగిలిన మొత్తం పైకి చదవాలి. మొదటి ఏడాది సభ్యుల చందాతోనే, ఎంత చిన్నదైనా, నడపండి. చందా కట్టినవాళ్లు లెక్క అడుగుతారు, ఆ అలవాటు ముందే పడాలి.

తెల్లకర్ర

పెద్ద విరాళం ముందే వస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. మాకు ఒకాయన వంద కర్రలు ఇస్తానన్నాడు. అందరినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేతికి ఇస్తూ ఫొటో. కర్ర పొడవు మనిషి ఎత్తును బట్టి ఉండాలి, దాదాపు రొమ్ము ఎముక దాకా రావాలి. వచ్చినవన్నీ ఒకే పొడవు. ఫొటోలు బాగా వచ్చాయట. కర్రలు చాలావరకు మూలన పడ్డాయి.

మసకవెలుతురు

అందరి మాటలూ రెండుసార్లు విన్నాను. రెండోప్రయత్నం గారి మాట దగ్గర ఆపి, బయటికి వెళ్లి, మళ్లీ వచ్చి విన్నాను. అది నా గురించే అనిపించింది.

నా పట్టికలో పదకొండు పనులున్నాయి. ఒక్కటి కూడా ఇంకెవరినైనా అడిగి రాసింది కాదు. దాన్ని చెరిపేశాను. కర్ర నేర్పేవాళ్లు దొరికారు, వారానికి రెండు రోజులు. నెల మొదటి ఆదివారం ఒక గ్రంథాలయం గది అడిగి పెట్టుకున్నాను. ఏడాది ఆగమన్నారు, అది మాత్రం పాటించలేకపోతున్నాను. దగ్గరలో చేరడానికి వేరే సంఘం లేదు. అందుకని ఒకటి చేస్తాను, అధ్యక్షుణ్ణి నేను కాను.

ఒక చిన్న సందేహం. పేరులో ఏం రాయాలి? కొందరు "దివ్యాంగులు" అంటున్నారు.

చేతిమాట

నాలో దివ్యమైనది ఏమీ లేదు. నాకు అనువాదకురాలు కావాలి. "చెవిటి" అంటే నాకు తప్పుగా అనిపించదు, అది నా జనం పేరు.

బిడ్డతల్లి

మాకు "దివ్యాంగులు" అన్న మాట నచ్చుతుంది. వాణ్ణి పిలిచిన పాత మాటలు మీరు వినలేదు. పేరు విషయం వచ్చినవాళ్లనే అడగండి.

మసకవెలుతురు

ఆరు వారాలయింది. ఏం జరిగిందో చెబుతాను.

మొదటి ఆదివారం నాతో కలిపి ఏడుగురం. నలుగురు చూపు లేనివాళ్లు, ఒక వీల్‌చైర్ ఆమె, ఒక చెవిటి కుర్రాడు, వాళ్ల అక్క. అనువాదకురాలు దొరకలేదు, వాళ్లక్కే సైగలు చేసింది. కుర్రాడు మధ్యలో ఆపి, అక్క తన మాటలు కుదించి చెబుతోందన్నాడు. అది రాసుకున్నాం. రెండో సమావేశానికి అందరం చందా వేసుకుని అనువాదకురాలిని పిలిచాం. మొదటి ఖర్చు అదే.

నా కథ చెప్పలేదు. "చివరిగా ఏ పని చేయలేక ఆగిపోయారు?" అని అడిగాను. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు, కానీ నలుగురి నోట ఒకే మాట వచ్చింది: ఆసుపత్రిలో "ఇక ఏమీ లేదు" అన్న రోజు. వీల్‌చైర్ ఆమెకు వెన్నెముక విషయంలో అదే మాట. కుర్రాడి అమ్మకు వాడి చెవుల గురించి అదే మాట. కాబట్టి మొదటి పని అదే అనుకున్నాం. ఒక ఫోను నంబరు. ఆ మాట విన్న మనిషి ఆ రోజే పిలవగలిగే నంబరు. వారం వారం ఒకరు ఎత్తాలి, ఏడుగురి పేర్లతో వంతులు వేసుకున్నాం. ఆసుపత్రిలో అడిగితే, డాక్టరుగారు ఆ నంబరు ఉన్న కార్డులు తన బల్ల మీదే పెట్టమన్నారు. చెప్పడానికి తన దగ్గర కూడా ఏమీ ఉండేది కాదని అన్నారు.

అధ్యక్షురాలిగా వీల్‌చైర్ ఆమెను ఎన్నుకున్నారు, పేర్లు పిలిచి. పేరు ఇంకా తేలలేదు.

రెండోప్రయత్నం

మొదటి ఫోను ఎవరిది వచ్చింది? చెప్పదగినదైతేనే.

మసకవెలుతురు

ఎవరో చెప్పను, ఏం జరిగిందో చెబుతాను. ఆ వారం వంతు నాది. పెద్దాయన. చాలాసేపు కర్ర గురించి, ఫోను గురించి అడిగాడు. పెట్టేయబోతూ గొంతు తగ్గించి, సాయంత్రాలు గదిలో చిన్న చిన్న మనుషులు కనబడుతున్నారనీ, గోడల మీద పూల గడులు కదులుతున్నాయనీ, మతి పోతోందేమో అనే భయంతో ఇంట్లో చెప్పలేదనీ అన్నాడు.

నాకూ వచ్చాయి అవి. దానికి చార్లెస్ బోనే సిండ్రోమ్ అని పేరు. స్విట్జర్లాండులో ఆ పేరుగల ఆయన 1760లో, చూపు తగ్గిన తన తాతకు కనబడినవాటిని రాసిపెట్టాడు. కళ్లనుంచి రావాల్సింది రాకపోతే మెదడు తనంతట తాను బొమ్మలు వేస్తుంది, అది పిచ్చి కాదు. డాక్టరుకు మాత్రం తప్పక చెప్పమన్నాను, వేరే కారణాలు లేవని చూసుకోవాలి కదా. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీకు ఏం కనబడేవి?" అని అడిగాడు. కిటికీ దగ్గర పిల్లలని చెప్పాను. ఇద్దరం చాలాసేపు వాటి గురించే మాట్లాడుకున్నాం.

రేపు కూడా పిలవొచ్చా అన్నాడు. పిలవండి, రేపటినుంచి వంతు మారుతుంది, వేరేవాళ్లు ఎత్తుతారు, వాళ్లకూ చెప్పండి అన్నాను.

చేతిమాట

ఆ నంబరుకు సందేశం రాసి పంపొచ్చా? ఫోనులో మాట్లాడలేనివాళ్ల సంగతి?

మసకవెలుతురు

పంపొచ్చు. కుర్రాడు మొదటి రోజే అడిగాడు, కార్డు మీద ఫోను నంబరు కంటే ముందు అదే రాశాం. వీడియోలో సైగలతో మాట్లాడటానికి వాడి వంతు గురువారాలు. అనువాదకురాలికి నెలకు ఎంత పడుతుందో మీ సంఘాల్లో ఎలా లెక్కవేస్తున్నారో లెక్కలచూపు గారు చెబితే బాగుంటుంది, ఆదివారం లోపు పట్టిక చదివి వినిపించాలి.